డిస్‌లెక్సియా పిల్లల రెమెడియల్ సెంటర్, సికింద్రాబాద్ వైపు – ఏడాది పైగా పంపాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తా, 5 కి 3.5 ఇస్తున్నా. ఇంగ్లీష్ చదవడం నేర్పిన పద్ధతి ఒక్కటే చూస్తే 5 కి 5 ఇచ్చేదాన్ని, కానీ తెలుగు అస్సలు పట్టించుకోలేదు, మధ్యలో టీచర్ మారిపోతే మాకు ఒక్క మాట కూడా ముందు చెప్పలేదు, అందుకని తగ్గించా. సెంటర్ పేరు కావాలనే రాయట్లేదు, రాస్తే సగం మంది ప్రచారం అనుకుంటారు, సగం మంది ఏదో గొడవపడి రాసిందనుకుంటారు. అదీకాక హైదరాబాద్ లో ఇలాంటి సెంటర్లు ఇప్పుడు చాలా వస్తున్నాయి, మీరు ఏ సెంటర్ కి వెళ్ళినా లోపల ఏం చూడాలి, డబ్బులు కట్టేముందు ఏం అడగాలి అన్నది తెలిస్తే అదే మీకు ఎక్కువ పనికొస్తుంది అని ఇంత పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మా పాప సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. తనకి డిస్‌లెక్సియా, అంటే తెలివి బాగానే ఉన్నా చదవడం రాయడం కష్టమయ్యే ఇబ్బంది, ఉందని మూడో తరగతి వరకు ఎవరికీ అనుమానం రాలేదు. క్లాసులో అల్లరి చెయ్యదు, నోటితో అడిగితే ఈవీఎస్ జవాబులన్నీ టకటకా చెప్తుంది, చదవమంటే తెలుగు వాచకంలో పాఠం గడగడా చదివేది. ఒకరోజు మా అత్తయ్య పక్కన కూర్చుని ఉండగా పాప పొరపాటున రెండు పేజీలు కలిపి తిప్పేసింది, కానీ చదవడం మాత్రం ఆగలేదు, మధ్యలో దాటేసిన పేజీలో ఏముందో అది పొల్లుపోకుండా చెప్పుకుంటూ వెళ్ళిపోయింది. అంటే చూపు పుస్తకం మీద ఉంది కానీ నోట్లోంచి వచ్చేదంతా క్లాసులో విని బట్టీ పట్టింది. అత్తయ్య పాతికేళ్ళు ప్రైమరీ స్కూల్లో చెప్పిన మనిషి, వెంటనే పాత కాగితం వెనకాల ఆ పాఠంలోవే నాలుగు మాటలు విడిగా రాసి చదవమన్నారు. 'బండి' దగ్గరే ఆగిపోయింది. అంత పాఠం అప్పజెప్పిన పిల్ల ఒక్క మాట విడిగా రాస్తే చదవలేకపోయింది.

ఇది ఎందుకు ఇంత వివరంగా చెప్తున్నానంటే ఆడపిల్లల్లో ఇది చాలా తేలిగ్గా తప్పిపోతుందట. అమెరికాలో కనెక్టికట్ పిల్లల మీద షేవిట్జ్ అనే డాక్టర్లు, వాళ్ళ బృందం చేసిన పరిశోధన ఒకటి 1990లో వచ్చింది. స్కూళ్ళు గుర్తించి పంపిన వాళ్ళని లెక్కేస్తే మగపిల్లలే బాగా ఎక్కువ, అదే పిల్లలందరికీ వాళ్ళే పరీక్ష పెట్టి చూస్తే ఆడా మగా ఇంచుమించు సమానం. మగపిల్లాడు చదవలేకపోతే క్లాసులో గోల చేస్తాడు, టీచర్ దృష్టిలో పడతాడు, ఆడపిల్ల వెనక బెంచీలో సైలెంట్ గా కూర్చుని పక్కపిల్ల నోట్స్ చూసి దించేసుకుంటుంది, ఇక ఎవరు పట్టించుకుంటారు చెప్పండి. మీ ఇంట్లో పిల్లలకి డిక్టేషన్ ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి వస్తున్నా, ఒకే పేజీలో ఒకే మాటని మూడు రకాలుగా రాస్తున్నా, వారాలు నెలలు వరసగా చెప్పడానికి తడబడుతున్నా, నోటితో చెప్పినదానికీ కాగితం మీద రాసినదానికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉన్నా దయచేసి 'అశ్రద్ధ' అని వదిలెయ్యకండి. ఇంట్లో ఇంకెవరికైనా, అంటే తండ్రికో మేనమామకో చిన్నప్పుడు చదవడం కష్టంగా ఉండేదా అని కూడా అడగండి, ఇది కుటుంబాల్లో నడుస్తుంది. బి, డి తిరగేసి రాస్తేనే డిస్‌లెక్సియా అని ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది గానీ ఆరేడేళ్ళ లోపు మామూలు పిల్లలు కూడా బోలెడంత మంది తిరగేస్తారు, మా పాప అసలు అది చెయ్యనే లేదు.

ఇక సెంటర్ విషయానికొస్తే, ఈ సెంటర్ లో నాకు బాగా నచ్చింది మొదటి రోజే. మేం వెళ్ళగానే ఫీజు కాగితం చేతిలో పెట్టలేదు. ముందు కళ్ళ డాక్టర్ దగ్గర చూపు, ఈఎన్‌టీ దగ్గర వినికిడి పరీక్ష చేయించుకుని రండి, అవి బాగుంటేనే మిగతాది చూద్దాం అన్నారు. ఏ సెంటర్ అయినా ఇవి అడక్కుండా నేరుగా డిస్‌లెక్సియా అని తేల్చేస్తే అక్కడినుంచి లేచి వచ్చెయ్యండి. ఆ రెండూ నార్మల్ అని వచ్చాక సైకాలజిస్ట్ రెండు విడతలుగా కూర్చోబెట్టి అసెస్‌మెంట్ చేశారు, 6,500 తీసుకున్నారు. తెలివితేటలకి మిసిక్ అని ఒక టెస్టు, చదవడం రాయడం లెక్కలకి బెంగళూరు నిమ్హాన్స్ (మానసిక ఆరోగ్య సంస్థ) వాళ్ళ బ్యాటరీ, అంటే కొన్ని పరీక్షల సెట్. ప్రభుత్వం వైకల్య సర్టిఫికెట్ ఇవ్వడానికి 2018 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఈ నిమ్హాన్స్ బ్యాటరీనే ఉండేది, 2024లో వాటిని మార్చారు కాబట్టి మీరు ఎక్కడ చేయించినా సర్టిఫికెట్ కి ఇప్పుడు ఒప్పుకునే పరీక్షే చేస్తున్నారా అని అడగండి, లేకపోతే రేపు సర్టిఫికెట్ దగ్గర మళ్ళీ మొదటికొస్తుంది.

అసెస్‌మెంట్ లో కొంతసేపు నన్ను కూడా వెనకాల కూర్చోనిచ్చారు. 'కమల' లోంచి 'క' తీసేస్తే ఏం మిగులుతుందమ్మా అని అడిగితే పాప చాలాసేపు ఆలోచించి 'కల' అంది. తర్వాత 'గొలెడ', 'టపిము' లాంటి అర్థం లేని మాటలు రాసి చదవమన్నారు. అర్థం లేనివి ఎందుకండీ అంటే, తెలిసిన మాట అయితే మొదటి అక్షరం చూసి ఊహించేస్తుంది, బొమ్మ చూసి చెప్పేస్తుంది, ఎప్పుడో గుర్తుపెట్టుకున్నది చెప్పేస్తుంది, ఇలాంటి మాటకి ఆ దారులన్నీ మూసుకుపోతాయి, అక్షరాన్ని శబ్దంగా మార్చడం వచ్చో రాదో అక్కడే బయటపడుతుంది అన్నారు. డిస్‌లెక్సియా అంటే అసలు ఇబ్బంది ఇక్కడేనట, మాటలో ఉన్న శబ్దాలని విడదీయడం, వాటిని అక్షరాలకి తగిలించడం. చూపుకీ తెలివికీ దీనికీ సంబంధం లేదు. మా పాప రిపోర్టులో తెలివితేటలు సగటు కన్నా కొంచెం పైన, చదవడం మాత్రం ఒకటో తరగతి స్థాయి అని వచ్చింది. ఆ రిపోర్ట్ మా ఆయనకీ నాకూ దాదాపు గంటసేపు లైను లైనుగా వివరించారు, ఆ గంటకి విడిగా డబ్బులు తీసుకోలేదు, ఈ విషయంలో మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

రెమెడియల్ క్లాసు, అంటే పిల్లకి రానిదాన్ని విడిగా మొదటినుంచి నేర్పే క్లాసు, వారానికి రెండు సార్లు, 45 నిమిషాలు, ఒక్కొక్కళ్ళకే, సెషన్ కి 700. ఆర్టన్ గిల్లింగ్‌హామ్ పద్ధతి అన్నారు. 1930ల్లో అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే డాక్టరు, అన్నా గిల్లింగ్‌హామ్ అనే ఆవిడ మొదలుపెట్టింది, ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని పట్టుకుని ఎన్నో ప్రోగ్రాములు నడుస్తున్నాయి. పేరు చూసి ఏదో పెద్ద టెక్నాలజీ అనుకున్నా గానీ చూస్తే చాలా సాదాగా ఉంటుంది, ఒక్కో శబ్దాన్ని పట్టుకుని, నోటితో అంటూ, చెవితో వింటూ, వేలితో రాస్తూ, అది పూర్తిగా వచ్చేదాకా తర్వాతదానికి వెళ్ళరు, అంతే. మొదటి మేడం దగ్గర ఒక ఇసుక ట్రే, అక్షరాల చెక్క ముక్కలు, ఒక డబ్బా నిండా చింతపిక్కలు ఉండేవి. 'షిప్' అనే మాట చెప్పి ఇందులో ఎన్ని శబ్దాలు వినపడితే అన్ని పిక్కలు ముందుకు జరుపు అనేవారు. పాపకి స్పెల్లింగ్ లో నాలుగు అక్షరాలని తెలుసు కాబట్టి మొదట్లో నాలుగు జరిపేది. కళ్ళు మూసుకుని చెప్పించేవారు, ష్... ఇ... ప్... అని, అప్పుడు మూడు జరిపేది, ఆ మూడు పిక్కల పక్కన అక్షరాలు పెట్టించి, మొదటి శబ్దానికి ఎస్ హెచ్ రెండూ కలిపి ఒకే పిక్క దగ్గర పెట్టించేవారు. ఇలా నెల తిరిగేసరికి తెలియని మాట ఎదురైతే ఊహించడం మానేసి వేళ్ళ మీద శబ్దాలు లెక్కపెట్టుకుంటూ చదవడం మొదలుపెట్టింది. స్పీడ్ లేదు, ఇప్పటికీ లేదు, కానీ నిజంగా చదువుతోంది.

ఇంకో మంచి విషయం, చదవడానికి ఇచ్చే చిన్న పుస్తకాల్లో అప్పటిదాకా నేర్పిన శబ్దాలు తప్ప వేరేవి ఉండవు. పిల్లకి రాని మాట ఇచ్చి నిలబెట్టి బొమ్మ చూసి చెప్పు అనడం లేదు. స్కూల్లో రీడర్ ఇస్తే ఏడ్చే పిల్ల ఇక్కడ పుస్తకం ఇంటికి తీసుకెళ్ళొచ్చా అని అడిగింది. ఆ రోజు ఇంటికెళ్ళే దారంతా బైక్ మీద వెనక కూర్చుని బోర్డులు చదువుకుంటూ వచ్చింది, తప్పులు చదివినా సరే నాకెంత సంతోషమేసిందో రాయడం నా వల్ల కాదు.

ఇప్పుడు బాగోనివి.

పెద్దది తెలుగు. మొదట్లోనే అడిగాం, తెలుగు కూడా చెప్తారా అని, 'ఇంగ్లీష్ లో స్కిల్ వస్తే తెలుగుకి అదే వచ్చేస్తుంది' అన్నారు. కొంతవరకు నిజమే, శబ్దాలు విడదీయడం ఒక భాషలో వస్తే రెండోదానికి సాయపడుతుంది, కానీ తెలుగు లిపి ఇబ్బందులు వేరు, వాటిని ఎవరో ఒకరు కూర్చుని నేర్పాలి. ఇంగ్లీష్ లో 26 అక్షరాలు, స్పెల్లింగ్ కీ పలకడానికీ పొంతన ఉండదు, అదీ బాధ. తెలుగులో రాసిందే పలుకుతాం కాబట్టి ఆ బాధ తక్కువ, కానీ ప్రతి హల్లుకీ గుణింతం, ఆపైన ఒత్తులు, మొత్తం కలిపితే పిల్ల గుర్తుపట్టాల్సిన ఆకారాలు వందల్లోకి వెళ్తాయి. ప, వ, ష, మ చిన్న చిన్న గీతల తేడా. ద, ధ, థ ఇంకా ఘోరం. త, న, మ, య, ర, ల ఒత్తులకైతే అసలు అక్షరంతో పోలికే ఉండదు, ఆ ఒత్తుని మళ్ళీ కొత్త అక్షరం లాగే నేర్చుకోవాలి.

అన్నిటికన్నా పాపని ఏడిపించింది మాత్రం గుణింతమూ ఒత్తూ ఒకేచోట వచ్చినప్పుడు. 'స్కూలు' అని రాసి చూడండి. కొమ్ము స కి తగిలించి ఉంటుంది, క ఏమో కింద ఒత్తుగా ఉంటుంది, కానీ పలికేటప్పుడు స్, క్ రెండూ అయ్యాకే ఊ వస్తుంది. కంటికి కనపడే వరస వేరు, నోటికి రావాల్సిన వరస వేరు. మా పాప దాన్ని 'సూకలు' అని చదివేది. మనకి అలవాటైపోయి తెలియదు గానీ దాని వైపునుంచి చూస్తే తప్పేం లేదు, కళ్ళకి కనపడిన వరసలోనే చదివింది. 'పుస్తకం' ని 'పుసకం' అనేది, ఒత్తు ఉన్నట్టే లెక్కలోకి తీసుకునేది కాదు. ఇవన్నీ ఒక నోట్‌బుక్ లో రాసుకెళ్ళి చూపిస్తే సెంటర్ లో 'అవునండీ మా దగ్గర తెలుగు మెటీరియల్ లేదు' అన్నారు. హైదరాబాద్ నడిబొడ్డున, తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లలు వచ్చే చోట తెలుగు మెటీరియల్ లేకపోవడం నాకు చాలా బాధనిపించింది. ఈ విషయంలో దేశం మొత్తం మీదే పని తక్కువ జరిగింది, మానేసర్ లో నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ వాళ్ళు మన దేశ భాషల కోసమని తయారు చేసిన దాలి అనే పరీక్ష 2015లో మొదట వచ్చింది హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీష్ లో. ఆ నాలుగింట్లో తెలుగు లేదు. దాంట్లో టీచర్లు ఒకటి రెండు తరగతులకి, మూడు నుంచి ఐదు తరగతులకి వాడుకునే స్క్రీనింగ్ ఫారాలు విడివిడిగా ఉన్నాయి. అలాంటిది ఒకటి తెలుగులో ప్రతి ప్రైమరీ టీచర్ చేతిలో ఉంటే మా పాప లాంటి వాళ్ళు మూడో తరగతి దాకా బట్టీతో నెట్టుకురావాల్సిన అవసరం ఉండేది కాదు.

చివరికి తెలుగు మా అత్తయ్యే నేర్పారు. సెంటర్ లో మేడం చేసే క్రమం చూసి అదే తెలుగుకి పెట్టుకున్నారు. ముందు గుణింతం లేని మాటలు, తల, పలక, వల. తర్వాత ఒక్కో గుణింతం, దీర్ఘాలు కొమ్ములు అన్నీ ఒకేసారి కాదు, కా కి వచ్చాక కీ. అవి కుదిరాక ద్విత్వాలు, అమ్మ, అక్క, చెట్టు. బాగా చివర్న సంయుక్తాలు, అంటే 'పుస్తకం' లో లాగా వేరే హల్లు ఒత్తుగా వచ్చేవి. అట్ట ముక్కల మీద అక్షరం నల్లగా, గుణింతం ఎర్రగా, ఒత్తు నీలంగా రాశారు. 'స్కూలు' కార్డు మీద ముందు నల్ల స మీద వేలు, తర్వాత నీలం క మీద వేలు, చివర్న ఎర్ర కొమ్ము మీద వేలు, మూడూ వరసగా అంటూ వేలు జరపాలి. ఇది ఎంత బాగా పనిచేసిందంటే తర్వాత సెంటర్ వాళ్ళే ఆ కార్డులు ఫోటో తీసుకున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళు లేనివాళ్ళు కూడా ఇది చెయ్యొచ్చు, రోజుకి పది పదిహేను నిమిషాలు మించకూడదు, పిల్ల అలిసిపోకముందే ఆపెయ్యాలి.

చదవడం కాస్త కుదిరాక ఉచితంగా దొరికేవి రెండు మాకు బాగా ఉపయోగపడ్డాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ లో తెలుగు కథలు లెవెల్ వారీగా ఉంటాయి, మొదటి లెవెల్ లో పేజీకి ఒకటి రెండు లైన్లే. గూగుల్ రీడ్ అలాంగ్ యాప్ 2019లో బోలో అనే పేరుతో వచ్చింది, ఇప్పుడు తెలుగు కూడా ఉంది, పిల్ల పైకి చదువుతుంటే వింటుంది, రాని మాట మీద నొక్కితే పలికి వినిపిస్తుంది. ఐతే ఒకటి, ఇవి ప్రాక్టీస్ కి, నేర్పడానికి కాదు. అక్షరం శబ్దం కలపడం రాని పిల్లకి ఫోన్ ఇచ్చి కూర్చోబెడితే మళ్ళీ విని బట్టీ పట్టేస్తుంది, మా పాపలాంటి జ్ఞాపకశక్తి ఉన్న పిల్లయితే మరీను.

రెండో ఫిర్యాదు టీచర్ మార్పు. పాప బాగా అలవాటుపడిన మొదటి మేడం ఉద్యోగం మానేశారు, మాకు తెలిసింది ఎప్పుడంటే క్లాసుకి వెళ్ళి వేరే ఆవిడ కూర్చుని ఉంటే. కొత్తావిడ పాత ఫైలు చూడకుండా మొదటినుంచి మొదలుపెట్టారు, వచ్చేసిన శబ్దాలే మళ్ళీ మళ్ళీ, పాపకి విసుగొచ్చేసింది, మాకేమో మూడు నెలల ఫీజు ముందే కట్టేసి ఉంది. మాట్లాడితే తర్వాత సర్దుకుంది గానీ ఆ నష్టం నష్టమే. నెలనెలా ఇచ్చే రిపోర్టులో కూడా 'గుడ్ ఇంప్రూవ్‌మెంట్', 'కాన్ఫిడెన్స్ పెరిగింది' ఇలాంటివే. ఏ శబ్దాలు వచ్చాయి, ఏవి రాలేదు, నిమిషానికి ఎన్ని మాటలు తప్పులేకుండా చదువుతోంది అని రాసివ్వమని నేను పట్టుబట్టాక అప్పుడు రాశారు. నా ఉద్దేశంలో సెంటర్ మంచిదా కాదా అని తేల్చేది ఇదే. గోడల మీద సర్టిఫికెట్లు, రంగురంగుల గదులు కాదు, పోయిన నెల ఈ పిల్ల ఏది చదవలేకపోయింది, ఈ నెల ఏది చదవగలుగుతోంది అంటే కాగితం మీద చూపించగలగాలి. చూపించలేకపోతే వాళ్ళకీ తెలియదన్నమాట.

మూడోది, మధ్యలో రిసెప్షన్ లో ఒకళ్ళు రంగు అద్దాల కళ్ళజోడు, కంటి ఎక్సర్‌సైజుల ప్యాకేజీ అని 18,000 కి అంటగట్టబోయారు. మేం తీసుకోలేదు. డిస్‌లెక్సియాకి కంటి ఎక్సర్‌సైజులు, రంగు అద్దాలు పనిచేస్తాయనడానికి ఆధారం లేదని అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, కంటి డాక్టర్ల సంఘం కలిసి 2009లోనే ప్రకటన ఇచ్చాయి. ఆ డబ్బుతో పాతిక సెషన్లు వస్తాయి. మీరు కూడా ఇలాంటివి, కళ్ళకి గంతలు కట్టి చదివిస్తాం అనే వాటితో సహా, ఎంత తియ్యగా చెప్పినా ఒప్పుకోకండి, పిల్లల మీద బెంగతో ఉన్న తల్లిదండ్రుల దగ్గర ఇవి అమ్మడం చాలా అన్యాయం.

స్కూల్ తో మాట్లాడటంలో సెంటర్ సాయం బాగుంది, దీనికి పూర్తి మార్కులు. సైకాలజిస్ట్ స్వయంగా ఒక లెటర్ రాసిచ్చారు, క్లాస్ టీచర్ కి అర్థమయ్యేలా, ఒక్క పేజీలో. ముందు చెప్పకుండా క్లాసులో లేపి పైకి చదివించొద్దు, సైన్స్ లో జవాబు కరెక్టయితే స్పెల్లింగ్ కి మార్కులు తీసెయ్యొద్దు, బోర్డు మీద రాసింది మొత్తం దించుకోమనకుండా ప్రింట్ ఇవ్వండి, ప్రశ్న ఒకసారి చదివి వినిపించండి, డిక్టేషన్ కి మిగతావాళ్ళకి ఇరవై మాటలైతే ఈ పిల్లకి ఐదు ఇవ్వండి అని. స్కూల్ వాళ్ళు మొదట 'అందరికీ ఒకే రూల్ అండీ' అన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో స్పెసిఫిక్ లెర్నింగ్ డిసెబిలిటీ (డిస్‌లెక్సియా దీని కిందకే వస్తుంది) కూడా ఉంది, 1995 పాత చట్టంలో ఉన్న ఏడింటిలో ఇది లేదు, ఈ సంగతి చాలా స్కూళ్ళకి ఇంకా ఎక్కలేదు. ఆ లెటర్ తో పాటు చట్టం కాపీ కూడా పెట్టి ఇచ్చాక మాట మారింది. ఇప్పుడు క్లాస్ టీచర్ చాలా సహకరిస్తున్నారు, మా పాప ఒక్కదానికే కాదు, అదే క్లాసులో ఇంకో బాబుని కూడా ఆవిడే గమనించి వాళ్ళమ్మకి చెప్పారు.

సర్టిఫికెట్ గురించి చాలామంది భయపడతారు, ముద్ర పడిపోతుంది, ఆడపిల్ల, రేపు పెళ్ళి అప్పుడు ఎలా అని మా బంధువుల్లోనే అన్నారు. నేను మాత్రం తీసుకోమనే చెప్తా. 2018 మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదేళ్ళు నిండాకే ఇచ్చేవారు, 14 ఏళ్ళప్పుడు ఒకసారి, 18 కి ఒకసారి మళ్ళీ పరీక్ష చేయించుకోవాల్సి ఉండేది, 18 లో ఇచ్చింది జీవితాంతం చెల్లేది, 2024లో మార్గదర్శకాలు మారాయి కాబట్టి ఇప్పుడు ఎలాగో కనుక్కోండి. ప్రైవేటు సెంటర్ రిపోర్ట్ చూపిస్తే సరిపోదు, ప్రభుత్వ మెడికల్ బోర్డు నుంచే రావాలి, సెంటర్ వాళ్ళు ఈ విషయం మాకు దాచకుండా చెప్పారు. సీబీఎస్‌ఈ లో అయితే గంటకి 20 నిమిషాల చొప్పున, అంటే మూడు గంటల పేపర్ కి ఇంకో గంట అదనంగా ఇస్తారు, కావాలంటే రాసిపెట్టే మనిషిని పెట్టుకోవచ్చు. స్టేట్ సిలబస్ పిల్లలకి ఏమేం ఉన్నాయో స్కూల్ ద్వారా తొమ్మిదో తరగతిలోనే కనుక్కోండి, పది పరీక్షల ముందు పరిగెడితే అయ్యే పని కాదు.

మిగతా చిన్న చిన్నవి. రెండో అంతస్తు, లిఫ్ట్ ఉంది గానీ తరచూ పనిచెయ్యదు. వెయిటింగ్ హాల్ ఇరుకు, లోపల పిల్లలు చదివేది బయటకి వినిపిస్తుంది, కొందరు పిల్లలకి అది సిగ్గుగా ఉంటుంది. క్లాస్ మిస్ అయితే ముందురోజు చెప్తే ఇంకోరోజు ఇస్తారు, అదే రోజు చెప్తే డబ్బులు పోయినట్టే. స్పెషల్ ఎడ్యుకేటర్లకి, అంటే ఇలాంటి పిల్లలకి నేర్పే టీచర్లకి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (వీళ్ళని రిజిస్టర్ చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉంది, నంబర్ అడిగితే మొహం మాడ్చుకోకుండా చూపించారు. ఇది మాత్రం ఎక్కడికెళ్ళినా మొహమాటం లేకుండా అడగండి, రెండు వారాల ఆన్‌లైన్ కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. సాయంత్రం 4 నుంచి 6 మధ్య స్లాట్లు దొరకడం కష్టం, శనివారం పొద్దున ప్రయత్నించండి.

ఎవరికి పనికొస్తుంది అంటే, ఇంగ్లీష్ మీడియం లో ఒకటి నుంచి ఐదు లోపు చదివే పిల్లలకి, వారానికి రెండు రోజులు తీసుకెళ్ళగలిగి, ఇంట్లో రోజూ కాసేపు కూర్చోగలిగిన వాళ్ళకి తప్పకుండా వెళ్ళమంటాను. తెలుగు మీడియం పిల్లలకి, లేదా తెలుగే ప్రధాన సమస్య అయితే వద్దు, అంత డబ్బు పెట్టి ప్రయోజనం లేదు, అసెస్‌మెంట్ ఒక్కటి ఇక్కడ చేయించుకుని, అనుభవమున్న ప్రైమరీ టీచర్ ఒకరిని పట్టుకుని పైన చెప్పిన వరసలో చెప్పించుకోండి. ఏడు ఎనిమిది తరగతుల పిల్లలకి ఇక్కడ పుస్తకాలు మరీ చిన్నపిల్లలవి, మా పక్కింటి అబ్బాయి రెండు క్లాసులకే రానన్నాడు, ఆ వయసు వాళ్ళకి వేరే చోటు చూసుకోవడం మంచిది. ఫీజు మాత్రం ఎంత అడిగినా నెల నెలా కడతాం అనే చెప్పండి, గట్టిగా అడిగితే ఒప్పుకుంటారు, మేం ఇప్పుడు అలాగే కడుతున్నాం.